షరతులకు లోబడిన గారు

అయినా ఒక మనిషి అడుగుతున్నది రెండక్షరాలే అయినప్పుడు ఇన్ని జీపులెందుకు, ఈ షామియానా ఎందుకు, ఇంతమంది ఎందుకు రావాలి అనుకుంటున్నాడు నీలాద్రి. అనుకుంటూనే ఆ ఆలోచనకు ఒక పేరు పెట్టాడు. ఆ పేరు ఏ గ్రంథంలో ఏ అధ్యాయంలో వస్తుందో గుర్తు చేసుకున్నాడు. గుర్తొచ్చినందుకు కాస్త సంతోషపడి, సంతోషపడినందుకు సిగ్గుపడ్డాడు. అతని మనసు అలాంటిది. ఎదురుగా ఇల్లు తగలబడుతున్నా ముందు తన భయం ఏ రకానిదో తేల్చుకుంటే గానీ నీళ్లకోసం చూడదు. ఇలాంటి మనసున్న వాళ్లను బయట ఎవరూ పనిలో పెట్టుకోరు. పోలీసు శాఖ పెట్టుకుని మానసిక నిపుణుడు అని పిలుస్తుంది.

షామియానాకు ఎదురుగా ఉన్నది రేగులవలస నీటి సరఫరా ఆఫీసు. ఒక గది, ఒక తలుపు, ఊచల కిటికీ. తలుపుకి లోపల గడియ. లోపల ఇద్దరు. ఒకరు ఆ ఆఫీసు ఇంజనీరు విశ్వనాథం. రెండోవాడు తవిటినాయుడు అనే అరవయ్యేళ్ల రైతు. అతని చేతిలో పెట్రోలు సీసా, చొక్కా జేబులో అగ్గిపెట్టె.

జరిగింది చిన్న సంగతి. మొన్న సోమవారం అర్జీల రోజున తవిటినాయుడు వీధి కుళాయి విరిగిన సంగతి చెప్పుకోవడానికి వచ్చాడు. వస్తూ కొత్త వియ్యంకుణ్ని వెంటబెట్టుకొచ్చాడు. కూతురి పెళ్లయి నెల కాలేదు, ఆఫీసుల్లో తనకెంత పలుకుబడి ఉందో వియ్యంకుడికి చూపించాలని సరదా. పక్కనున్న అర్జీల హాల్లో, నిండుగా ఉన్న జనం మధ్య ఇంజనీరు విశ్వనాథం మైకు అందుకుని, "ఒరే తవుడూ! ఎక్కడ చచ్చావురా, నీ నెంబరొచ్చింది" అన్నాడు. హాలంతా నవ్వింది. వియ్యంకుడూ నవ్వాడు. నవ్వినట్టు తెలియకుండా కండువా అడ్డం పెట్టుకున్నాడు. తవిటినాయుడు మిగతా హాలును పట్టించుకోలేదు. ఆ కండువాను చూశాడు.

ఈ ఉదయం సీసాతో వచ్చి గడియ పెట్టుకున్నాడు. కోరిక ఒక్కటే. మైకులోనే కదా తనను "ఒరే" అన్నారు, మళ్లీ మైకులోనే, వీధంతా వినేటట్టు, ఒక్కసారి "తవిటినాయుడు గారూ" అనాలి. అంటే తలుపు తీస్తాడు.

లోపలినుంచి విశ్వనాథం ఆ మాటను అప్పటినుంచీ జపంలాగా అంటున్నాడు. "నాయుడు గారూ, తవిటినాయుడు గారూ, శ్రీ తవిటినాయుడు గారూ..." అతని గొంతు బొంగురుపోయింది.

"నువ్వూరుకో బావూ," అన్నాడు తవిటినాయుడు. "సీసా సూసి అన్న గారు నాకొద్దు. సీసా ఎవుడికాడకి రాదో ఆడు అనాల."

మామూలు రోజుల్లో అయితే ఎవరో ఒక కానిస్టేబులు ఆ మాట అనేసి, అందరూ భోజనానికి వెళ్లిపోయేవాళ్లు. కానీ శాఖలో ఇప్పుడు సంకట సంభాషణ సంహిత అమల్లో ఉంది.

ఆ సంహిత పుట్టింది ఒక కొండమీది విడిదిలో, మూడు రోజుల శిక్షణలో. ఎక్కడినుంచో వచ్చిన శిక్షకుడు ఒకాయన, మాటలు ప్రాణాలు కాపాడతాయి అని చెప్పాడు. పెద్ద అధికారులు కదిలిపోయారు. ప్రాణాల జోలికి వెళ్లేది ఏదైనా సరే లెక్కలో ఉండాలి అన్నారు. తూటా ఖర్చయితే సంజాయిషీ అడుగుతున్నాం, మాట ఖర్చయితే అడగవద్దా? అప్పటినుంచి మాటలను కూడా తుపాకుల్లాగే పైనుంచి మంజూరు చేసి, సంతకం పెట్టించుకుని కిందకి వదులుతున్నారు. మనుషులను పిలవడానికి ఒక సంబోధనా సోపానం ఏర్పడింది. అయిదు మెట్లు. అడుగున "ఒరేయ్", దానిపైన "ఏమోయ్", ఆపైన "ఏమయ్యా", నాలుగో మెట్టు "మీరు", శిఖరాన "గారు". బెదిరించిన వాణ్ని ఒక మెట్టు దించాలి. తగ్గినవాణ్ని ఒక మెట్టు ఎక్కించాలి. ఎవరు ఏ మెట్టుమీద ఉన్నారో నిర్ధారించవలసింది మానసిక నిపుణుడు. ఆ మాట పలకవలసింది మాత్రం నిపుణుడు కాదు. అతను చీటీ రాయాలి, డీఎస్పీ దానిమీద పొట్టి సంతకం పెట్టాలి, అప్పుడు వాక్ అధికారి మైకులో పలకాలి.

ఇందులో కొంత నిజం ఉందని నీలాద్రికి తెలుసు. నిపుణుడు వెనక ఉండాలి, మాట్లాడేవాడి చెవిలో సలహా చెప్పాలి, తాను ఆ ఉద్రేకంలో కొట్టుకుపోకూడదు. ఇది ప్రపంచమంతా ఒప్పుకున్న పద్ధతే. ఏ మంచి పద్ధతినైనా శాఖకు అప్పగిస్తే, దాని ప్రాణం తీసి తోలు మాత్రం భద్రంగా దాస్తారు అని అతను చాలాసార్లు అనుకున్నాడు. పైకి అనలేదు.

వాక్ అధికారిగా ఇన్‌స్పెక్టరు కోదండపాణిని నియమించారు. ఆయన గొంతు పెద్దది. పోలీసు వార్షికోత్సవాల్లో పౌరాణిక వేషాలు కట్టేవాడు. ఆయన పక్కన రెండో మైకు పట్టుకుని హెడ్ కానిస్టేబులు జగ్గారావు నిలబడ్డాడు. ఎదుటివాడు చెప్పేది శ్రద్ధగా వింటున్నట్టు తెలియజేయాలి అని శిక్షకుడు చెప్పిన మాటను సంహిత శ్రవణ విధి అని రాసుకుంది. జగ్గారావు డ్యూటీ ఊ కొట్టడం.

"మొదలుపెట్టండి," అన్నాడు డీఎస్పీ భానుమూర్తి.

"ఏమయ్యా తవిటినాయుడూ!" అని కోదండపాణి సభాప్రవేశం చేశాడు. "నీ మనోవేదన ఏమిటో విన్నవించుకో!"

"సెప్పినాను కదేటి పొద్దున్నుంచి?"

"ఊఁ," అన్నాడు జగ్గారావు మైకులో.

"నలుగురిలో నన్ను కుక్కని పిలిసినట్టు పిలిసినారు."

"ఊఁ."

"నా యియ్యంకుడి ముందు నాను మనిసిని కానా?"

"ఊఁ."

"ఆ! ఊఁ అంతన్నాడు సూడు! మనిసిని కానంట!"

కిటికీలోంచి సీసా మూత ఎగిరివచ్చి షామియానా ముందు పడింది. జనం రెండడుగులు వెనక్కి వేశారు. లోపల విశ్వనాథం, "సార్, ఆ ఊ కొట్టేవాణ్ని ఆపండి సార్!" అని ఏడ్చాడు.

నీలాద్రి ఆదరాబాదరా చీటీ రాశాడు. "ఆయన కోపాన్ని గుర్తించినట్టు చెప్పండి." భానుమూర్తి జేబులు తడుముకుని కళ్లజోడు తీసి పెట్టుకుని చదివి, ఆయన అనే మాట కొట్టేసి అతడు అని దిద్ది, పొట్టి సంతకం పెట్టాడు.

"నీ కోపాన్ని గుర్తించాం!" అని గర్జించాడు కోదండపాణి. "నమోదు కూడా చేశాం!"

లోపల తవిటినాయుడు గోడకి చేరగిలబడి ఏడవడం మొదలుపెట్టాడు. మగవాడు ఏడుపు నొక్కుకున్నప్పుడు వచ్చే చప్పుడు కిటికీలోంచి బయటికొచ్చింది. నీలాద్రికి అది మంచి సూచన అనిపించింది. ఈ క్షణంలో ఎవరూ ఏమీ అనకపోతే చాలు, ఆ ఏడుపే అతన్ని తలుపు దాకా నడిపిస్తుంది. చీటీ రాశాడు. "మౌనంగా ఉండండి." సంతకమైంది. చీటీ చేతులు మారింది.

"మౌనంగా ఉండండి!" అంది మైకు, వీధి చివరి కిళ్లీకొట్టు దాకా.

ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

"ఏడవనివ్వరు కూడానా?" అన్నాడు తవిటినాయుడు, నెమ్మదిగా. ఆ నెమ్మది చూసి నీలాద్రికి మొదటిసారి భయమేసింది. లోపలినుంచి పెట్రోలు వాసన వచ్చింది. "సార్, నెత్తిమీద పోసుకున్నాడు సార్!" అని విశ్వనాథం కేక పెట్టాడు. "నామీద కూడా పడింది సార్! గారు అనేయండి సార్, మీకు పుణ్యముంటుంది!"

నీలాద్రి లేచి భానుమూర్తి దగ్గరకు వెళ్లాడు. "సార్, గారు అనేద్దాం. చీటీ రాసిస్తాను."

భానుమూర్తి చెడ్డవాడు కాదు. తెల్లారి లేచి యోగా చేస్తాడు, కిందివాళ్ల పిల్లల పేర్లు గుర్తుంచుకుంటాడు. జాలిగా చూశాడు. "డాక్టర్ గారూ, మీరు మెట్లు మర్చిపోతున్నారు. గారు శిఖరం. అది కేసు లేని పౌరులకు. అతని మీద ఇప్పుడే కేసు కట్టాం."

"ఇంకా ఏమీ తేలకుండా కేసెందుకు కట్టారు?"

"కేసు కట్టకపోతే మిమ్మల్ని పిలవడానికి వీల్లేదు కదా. నిపుణుల సేవలు కేసు ఉన్న సందర్భాలకే."

"అంటే నేను రాకపోయి ఉంటే ఆయన్ని గారు అనొచ్చు."

"నిక్షేపంగా అనొచ్చు. కానీ మీ నిర్ధారణ లేకుండా అన్న గారు చెల్లదు." భానుమూర్తి తన మాటలో ఏదో చిక్కుందని ఒక క్షణం అనుమానపడి, వెంటనే తేరుకున్నాడు. "సంహితలో తప్పుండదు డాక్టర్ గారూ. చాలామంది కూర్చుని రాశారు."

ఈ లోపల జనాన్ని తోసుకుంటూ తవిటినాయుడు భార్య నరసమ్మ వచ్చింది. పొలంనుంచి అలాగే వచ్చినట్టుంది, కాళ్లకు బురద. ఏడవలేదు. షామియానాను, మైకులను, టీ గ్లాసులను ఒకసారి కలయజూసింది.

"ఓలమ్మ, పెళ్లి పందిరిలాగుంది," అంది. "ఏటి బావూ, ఆ ముక్క అనీసేరా లేదా?"

"పరిశీలనలో ఉందమ్మా," అన్నాడు భానుమూర్తి.

"గారు అని పారేత్తే మీ సొమ్మేటి పోద్ది? నోరేటి అరుగుద్దా?"

"కావాలంటే మీరనండి," అన్నాడు కోదండపాణి ఉదారంగా. భానుమూర్తి వెంటనే అడ్డొచ్చాడు. కుటుంబ సభ్యుల గారు పరిగణనలోకి రాదు అన్నాడు.

నరసమ్మ నవ్వింది. "నాను ఆయన్ని గారు అంటే, ఆయన పెట్రోలుతో సావడు, నవ్వుకునే సత్తాడు." కానీ నవ్వు ముఖంమీద నిలవలేదు. కిటికీవైపు చూసింది. పెట్రోలు వాసన ఆమెకు అప్పుడే తెలిసింది. చుట్టూ ఉన్న ఖాకీలను వదిలేసి, ఖాకీ లేని ఒకే ఒక్క మనిషి దగ్గరకు వచ్చింది. "నువ్వు సదూకున్నోడిలాగున్నావు. నువ్వనీ బావూ. ఆ మైకందుకుని ఒక్కపాలి అనీ."

నీలాద్రి నోరు తెరిచాడు. ఆ మాట నోటిదాకా వచ్చిందనే అతనికి అనిపించింది. కానీ రావడంతోనే దానివెనక మరో పది ఆలోచనలు వరసకట్టాయి. నేను అంటే అది నా మాట అవుతుందా, ఈవిడ మాట అవుతుందా? ఒకసారి ఇచ్చేస్తే అతని తర్వాతి కోరిక ఏమిటి? కాపాడాలనే ఈ తహతహ అతనికోసమా, నన్ను నేను మంచివాడిగా చూసుకోవడానికా? ప్రతి ఆలోచనా సమంజసంగానే ఉంది. అదే దానిలోని దగా. పిరికివాడికి చదువుంటే పిరికితనానికి ఎన్ని గదులు కట్టుకోవచ్చో, ఏ గదిలోనూ దొరక్కుండా ఎలా తిరగవచ్చో అతను ఆ ఎండలో నిలబడి చూసుకున్నాడు.

"అమ్మా, ఇందులో నా పాత్ర సలహాదారు పాత్ర..." అన్నాడు చివరికి.

"పాత్రేటి?" అంది నరసమ్మ. "నాటకమేటి ఇది?"

కోదండపాణి గొంతు సవరించుకున్నాడు. ఆ మాట తనకు తగిలిందనుకున్నాడు.

భానుమూర్తి పై ఆఫీసుకు ఫోను చేశాడు. నిలబడి చేశాడు, మధ్యమధ్యలో "అవును సార్, చిత్తం సార్" అంటూ ఫోనుకు తల వంచాడు. పై ఆఫీసు చాలా ప్రశ్నలు వేసింది. అడుగుతున్నది గౌరవార్థకమైన గారా, వ్యూహాత్మకమైన గారా? పేరుకు కలిపి రాసేదా, విడదీసి రాసేదా? ఇస్తే, రేపు జైల్లో కూడా అలాగే పిలవమని అతను దావా వేసే అవకాశం ఉందా? న్యాయ విభాగాన్ని లైన్లోకి తీసుకున్నారు. న్యాయ విభాగం, ఆ రెండక్షరాలకు చట్టంలో నిర్వచనం లేదు కనుక ఇవ్వడానికి అభ్యంతరం ఉండవచ్చు, ఇవ్వకపోవడానికి కూడా ఉండవచ్చు అని అభిప్రాయపడింది.

కిటికీలో అగ్గిపెట్టె కనిపించింది. తవిటినాయుడు పుల్ల తీసి పట్టుకున్నాడు. గీయలేదు. పట్టుకుని జనంలోకి చూస్తున్నాడు. ఎవరికోసం వెతుకుతున్నాడో నీలాద్రి గ్రహించాడు. వియ్యంకుడు వచ్చి ఉన్నాడు. జనం వెనకాల, కండువా భుజాన వేసుకుని, ఎటు చూడాలో తెలియక తన చెప్పులవైపు చూసుకుంటున్నాడు.

అప్పుడే ఫోనులోకి ఉత్తర్వు వచ్చింది. భానుమూర్తి ముఖం వెలిగిపోయింది. "మంజూరైంది!" అన్నాడు. సంహిత ప్రకారం పై ఆఫీసు పంపిన పాఠంలో ఒక్క అక్షరం కూడా తగ్గించి చదవకూడదు. ఫోను కోదండపాణి చేతిలో పెట్టాడు.

నీలాద్రి అతని భుజంమీదుగా ఆ పాఠం చూశాడు. "సార్, వద్దు. ఇది చదవకండి. పేరు పిలిచి వదిలేయండి చాలు," అన్నాడు.

"చీటీ రాసివ్వండి," అన్నాడు భానుమూర్తి.

అతను రాస్తుండగానే మైకు మొదలైంది.

"ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా," అన్నాడు కోదండపాణి, దర్బారు గొంతుతో. "నిందితుడు తవిటినాయుడు అనువానిని, ప్రజాప్రయోజనార్థం, తాత్కాలిక ప్రాతిపదికన, తలుపు తెరుచునంతవరకు మాత్రమే, గారు అని సంబోధించుటకు అనుమతించడమైనది. సదరు గారు అతని వారసులకు సంక్రమించదు. సదరు గారును మరెవ్వరూ పూర్వోదాహరణగా చూపరాదు. తలుపు తెరిచిన మరుక్షణం సదరు గారు దానంతటదే రద్దగును."

ఊపిరి పీల్చుకున్నాడు. ఇప్పుడు అసలు మాట. ఛాతీ విరిచాడు. "తవిటినాయుడూ..." అని దీర్ఘం తీసి, ఫోనులో మరోసారి సరిచూసుకుని, "గారు!" అన్నాడు.

"ఊఁ," అన్నాడు జగ్గారావు.

నరసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పుల్ల గీస్తాడని అందరూ ఎదురుచూశారు. నీలాద్రి చేతిలో చీటీ సగం రాసి ఆగిపోయింది.

లోపలినుంచి నవ్వు వినిపించింది. మొదట చిన్నగా, తర్వాత ఆపుకోలేనట్టుగా. అందులో పిచ్చి లేదు, ఏడుపూ లేదు. సంతలో మంచి ఎద్దనుకుని దగ్గరకు వెళ్లి, పళ్లు చూసి వెనక్కి తిరిగిన రైతు నవ్వులా ఉంది.

"ఈల్లకాడ అది నేదెహె," అన్నాడు తవిటినాయుడు విశ్వనాథంతో, అందరికీ వినబడేలా. "లేనోల్లని పట్టుకుని లేనిదాన్ని అడుగుతన్నాను పొద్దున్నుంచి. నాదే బుద్ధి తక్కువ."

గడియ తీసిన చప్పుడైంది. ముందు విశ్వనాథం బయటపడి నేలమీద కూలబడ్డాడు. వెనక తవిటినాయుడు వచ్చాడు, తడిసిన జుట్టుతో, మండుతున్న కళ్లు చిట్లించుకుంటూ. సీసాలో అడుగున ఇంకా కొంత ఉంది. తిన్నగా భార్య దగ్గరకు వెళ్లి అందించాడు.

"ఒలకబోసీకు. ఇంటికెల్లి బండిలో పోయించీ."

"నీ మొకానికి గారొకటి," అంది నరసమ్మ. అంటూ చీర చెంగుతో అతని కళ్లు తుడిచింది.

అంతవరకే ఆమెకు వ్యవధి దొరికింది. రద్దయిన మాట స్థానంలోకి అడుగు మెట్టు వచ్చేసింది. "ఒరేయ్, కదలకు! కూచోరా కింద!" అని కోదండపాణి మెడ పట్టుకుని వంచాడు. అది నాటకం గొంతు కాదు, సొంత గొంతు. అది చాలా సహజంగా ఉంది.

భానుమూర్తి అందరితో చేతులు కలిపాడు. సంహితకు మొట్టమొదటి విజయమన్నాడు. ప్రాణనష్టం లేకుండా, ఒకే ఒక్క గారు ఖర్చుతో, అదీ తిరిగి జమ అయ్యే పద్ధతిలో, సంకటం పరిష్కారమైందని పై ఆఫీసుకు ఫోనులో చెప్పాడు. పై ఆఫీసు ఫొటో కావాలంది. షామియానా కింద కుర్చీలు వరసగా వేశారు. మధ్య కుర్చీలో నీలాద్రిని కూర్చోబెట్టారు. ఇది మానసిక శాస్త్రపు విజయం కదా, మీరు కాదనడానికి వీల్లేదు అన్నారు. ఒక పక్క భానుమూర్తి, మరోపక్క కోదండపాణి, చివర ఊ కొట్టిన జగ్గారావు.

"నిందితుణ్ని ముందు గొంతుక్కూర్చోబెట్టండి," అన్నాడు ఫొటోగ్రాఫరు. "డాక్టర్ గారూ, కొంచెం నవ్వండి."

ఇద్దరు కానిస్టేబుళ్లు తవిటినాయుణ్ని తీసుకొస్తున్నారు. అతను అడ్డు చెప్పలేదు. తుండుగుడ్డ తీసి తల తుడుచుకుని, మళ్లీ భుజాన వేసుకుని, చొక్కా సర్దుకుని నడుస్తున్నాడు. జనం వెనకాల వియ్యంకుడు తలెత్తి చూస్తున్నాడు. నీలాద్రి తన లోపల ఏం జరుగుతోందో వెతుక్కున్నాడు. సిగ్గు అందామంటే అది సిగ్గు ఒక్కటే కాదు. దానికి పేరు దొరకలేదు, ఏ అధ్యాయమూ గుర్తు రాలేదు. తవిటినాయుడు షామియానా నీడలోకి అడుగుపెట్టాడు.

"అందరూ కూర్చునే ఉండండి. కదలకండి," అన్నాడు ఫొటోగ్రాఫరు.

ఇంటికి పెద్దవాళ్లు వచ్చినప్పుడు లేచినట్టు, నీలాద్రి లేచి నిలబడ్డాడు.